వదిన లాగౌట్ కాలేదు

నీళ్ల పరీక్షాఫీసులో ఎవరు ఏ ఫైలు తెరవాలో చూసే అతణ్ణి అందరూ తాళాలాయన అంటారు. అతని దగ్గర తాళమన్నదే లేదు. కంప్యూటరు నల్లటి తెర మీద రెండు ముక్కలు కొడితే ఒకరికి తలుపు తెరుచుకుంటుంది, ఇంకొకరికి మూసుకుంటుంది.

అతను కూర్చునే గదిలోనే అతని వదిన నీళ్ల పరీక్షలు చేస్తుంది. గేటు మీది లైట్ల బోర్డులో ఫలితం రాసే హక్కు 'బోర్డు' గ్రూపులో ఉన్నవాళ్లకే ఉంది. ఆమె ఆ గ్రూపులో మనిషి. కొత్త ట్యాంకు నీళ్లు పనికిరావని పరీక్షలో తేలింది. అనుమానం లేకుండా రెండోసారి చేస్తుండగా పెద్దసారు ఊడిపడ్డాడు.

"మీ వదినని బోర్డు గ్రూపులోంచి పీకెయ్. నా ముందే."

"ఎందుకు సార్?"

"మధ్యాహ్నం ట్యాంకు తెరుస్తున్నాం. నీళ్లు భేషుగ్గా ఉన్నాయని నేనే రాస్తా."

వదిన గాజు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూస్తూనే అంది. "కానియ్ మరిదీ. ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తా."

అతను కొట్టాడు. గ్రూపులోంచి ఆమె పేరు పోయింది.

"తీసేశా వదినా. నువ్వు లాగౌటై మళ్లీ లాగినైతే ఇంక బోర్డు తెరుచుకోదు."

"అదీ!" అంటూ సారు తన గదికెళ్లాడు.

పొద్దున లాగినైనప్పుడు చేతికొచ్చిన హక్కు, లాగౌటయ్యేదాకా చేతిలోనే ఉంటుంది. ఆ సంగతి తాళాలాయనకు తెలుసు. తాళాలాయన మాట తీరు వదినకు తెలుసు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

రెండో పరీక్ష కూడా అదే చెప్పింది. 'ఈ నీళ్లు తాగొద్దు' అని బోర్డు వెలిగింది. సారు తన గదిలోంచి మార్చేశాడు. వదిన మళ్లీ రాసింది. గేటు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లు తలలెత్తి, తమాషా చూస్తున్నట్టు చూశారు.

సారు రొప్పుతూ వచ్చాడు. "తీశానన్నావు కదరా!"

"చూసుకోండి సార్. గ్రూపులో లేదు."

"అయితే అకౌంటే లేపెయ్!"

అతను కొట్టాడు. ఆ మనిషి ఇంకా పనిలో ఉంది, తీయడం కుదరదంది మెషీను.

"ఇదీ మీ చుట్టమేనా?" అని సారు పళ్లు నూరాడు. "బలవంతంగా తీసే దారి లేదా?"

"ఉంది సార్. ఇందాక కొట్టినదానికి ఒక్క అక్షరం కలిపితే చాలు."

"కలుపు మరి!"

తాళాలాయన కీబోర్డుని సారు వైపు తోశాడు.

"ఆ అక్షరం నా చేత్తో కొట్టను. ఆ నీళ్లు పట్టుకెళ్లేది పిల్లలున్న ఇళ్లకి. తర్వాత నన్ను తీసేసినా సరే."

సారు కీబోర్డు వంక చూశాడు. ఏ అక్షరమో ఆయనకు తెలియదు, అడగడానికి నోరు రాలేదు. తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు.

కాసేపటికి బోర్డు మళ్లీ మారింది. వదిన మళ్లీ రాసింది.

"మరిదీ, అన్నం ఇక్కడికే తెప్పించు," అంది తల తిప్పకుండా. "ఇవాళ లేచే పని లేదు."