ఇరవై ఏడో కార్డు

ఉదయం పదకొండు గంటలకు బాలకేంద్రం టీచరు మానస మూడో పెన్ను మూత తీసింది. జూలై మదింపుకు నీలం, నవంబరుకు నలుపు, మార్చికి ఆకుపచ్చ. ఏడాదిలో మూడుసార్లు పిల్లలను గమనించి నింపిన కార్డులు బీరువాలో ఉండగానే, అవే ముప్పై ఎనిమిది కార్డులను ఆమె ఇప్పుడు ఒకే పూటలో, మూడు రంగుల్లో తిరగరాస్తోంది. పాత కార్డుల్లో ‘సహాయం అవసరం’ అన్న గడిలో అక్కడక్కడా టిక్కులున్నాయి. కొత్త కార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉండాలని ట్రస్టు కార్యదర్శి సాయిబాబు సూర్యాపేట నుంచి ఫోనులో చెప్పాడు. పెన్నులు కూడా ఆయనే పంపించాడు.

“గిన్ని రంగులెందుకు బిడ్డా, ముగ్గు వెడుతున్నవా?” అంది ఆయా పద్మమ్మ, పప్పు గిన్నె దించుతూ.

మానస కార్డు మీద వాలిన ఊక బూడిదను కొంగుతో తుడిచి, ఇంకో టిక్కు పెట్టింది.

మర్నాడు ఉదయం హైదరాబాదు నుంచి మదింపు బృందం వస్తుంది. ఈ బాలకేంద్రానికి నాణ్యతా గుర్తింపు ఇవ్వాలో లేదో తేల్చి వెళుతుంది. ట్రస్టు నడిపే మూడు కేంద్రాల్లో సూర్యాపేటకు, కోదాడకు ఆ గుర్తింపు వచ్చింది. మిర్యాలగూడలో, రైసు మిల్లుల వెనక రేకుల షెడ్డులో నడిచే ఈ కేంద్రానికి మాత్రం ఇంకా రాలేదు. వస్తే దాతల విరాళం మరో మూడేళ్ళు సాగుతుంది. మానస జీతం రెండువేల ఎనిమిదివందల నుంచి నాలుగున్నర వేలకు పెరుగుతుంది. హమాలీల పిల్లలకు మధ్యాహ్నం అన్నం ఉంటుంది. రాకపోతే ఏమవుతుందో సాయిబాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇరవై ఆరు కార్డులు అయిపోయాయి. పెన్సిలు పట్టుకోలేని పిల్లవాడు పెన్సిలు పట్టుకున్నాడు. అయిదు వరకు లెక్కించలేని పిల్ల ఇరవై వరకు లెక్కించింది. అంత సులభంగా పిల్లలు పెరగగలిగితే ఈ దేశంలో బడులే అక్కరలేదు. ఇరవై ఏడో కార్డు దగ్గర మానస చెయ్యి ఆగింది.

ధీరావత్ రోజా. వయసు నాలుగేళ్ళ రెండు నెలలు. తండ్రి దస్రు మిల్లులో బస్తాలు మోస్తాడు. తల్లి జమ్లీ అదే మిల్లులో తవుడు ఊడుస్తుంది, రోజుకు నూట యాభై.

పాత కార్డులో, జూలై వరుసలో, మానస సొంత చేతిరాత ఉంది: ‘మాట్లాడదు. తెలుగు రాదు. ఇంట్లో లంబాడీ.’ దాని కింది ప్రశ్న, ‘వెనక నుంచి పేరు పిలిస్తే స్పందిస్తుందా?’ ఎదురుగా ‘సాధించింది’ అన్న టిక్కు. ఆ రోజు పిల్లలందరూ గుండ్రంగా కూర్చుని ఉండగా మానస రోజా వెనక నిలబడి పిలిచింది. రోజా తిరిగి చూసి నవ్వింది. టిక్కు పడింది. నవంబరులోనూ అంతే. లంబాడీ పిల్ల కనుక మాట్లాడటం లేదన్న వివరణ ఎంత సౌకర్యంగా ఉందంటే, దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

మార్చి మొదటి వారం పాఠ్య ప్రణాళిక పుస్తకంలో ‘శబ్దాలు’ అన్న అంశం వచ్చింది. పిల్లలు అరచేతులతో కళ్ళు మూసుకోవాలి, టీచరు గంటో పళ్ళెమో మోగించాలి, అదేమిటో వాళ్ళు చెప్పాలి. రోజా ఒక్క క్షణం కూడా కళ్ళు మూసుకుని ఉండలేకపోయింది. వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే ఉంది. “దొంగాట టీచర్! రోజా దొంగాట!” అని పిల్లలు అరిచారు. మానస ఆ పిల్ల చేతి మీద కొట్టింది. గట్టిగా కాదు. కానీ కొట్టింది.

అప్పుడే పద్మమ్మ వంట దగ్గర్నుంచి లేచి వచ్చి, రోజా వెనక ఇత్తడి మూత నేల మీద పడేసింది. ముప్పై ఏడుగురు ఉలిక్కిపడ్డారు. రోజా మానస ముఖం వైపే చూస్తూ, కొట్టిన చేతిని రుద్దుకుంటోంది.

“తండ పక్కపొంటి పుట్టి పెరిగినదాన్ని బిడ్డా,” అంది పద్మమ్మ. “లంబాడిల గుడ పిలిచి సూసిన. తెలుగు రాక కాదు. పిల్లకు ఇనవడ్తలేదు.”

ఆ సాయంత్రమే మానస పాత కార్డులో మార్చి వరుస నింపింది: ‘సహాయం అవసరం. చెవుల పరీక్షకు పంపాలి.’

పన్నెండు గంటలకు సాయిబాబు కారు దిగాడు. గోడల మీది బొమ్మలు చూశాడు, కార్డులు లెక్కపెట్టాడు, పాత కార్డు ఒక్కటి విడిగా ఉండటం గమనించాడు. చదివి కుర్చీలో కూర్చున్నాడు.

“ఇదేందమ్మా?”

“ఆ పిల్లకు చెవుడు సార్. దవాఖానకు రాసియ్యాలె. కార్డు మీద మన ముద్ర ఉంటె పెద్ద దవాఖానల పరీక్ష ఉత్తగనే చేస్తరు. లేకుంటె హైదరాబాద్ పోయి పైసలు వెట్టుకోవాలె.”

“రాసిద్దాం. ఎవరు వద్దన్నరు? గుర్తింపు రానియ్. వచ్చే జూన్ల రాసిద్దాం.”

“ఇప్పటికే ఏడాది పోయింది సార్. మాటలు నేర్చే వయసు.”

“ఎవరి వల్ల పోయింది?” ఆయన గొంతు పెంచలేదు. జూలై టిక్కు మీద వేలు పెట్టాడు. “ఈ సంతకం నీది కాదా? వాళ్ళు ఈ కార్డు సూస్తె ఏమడుగుతరు? రెండుసార్లు మదింపు చేసిండ్రు, చెవుడు కనిపెట్టలేదా అంటరు. గుర్తింపు పోతది, నీ నౌకరి పోతది. ముప్పై ఏడు మంది పిల్లల అన్నం పోతది. ఒక్క పిల్ల కోసం అందర్ని ఎండవెడ్తవా? చెప్పు.”

మానస పాత కార్డును తన వైపు జరుపుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఒక పిల్ల చెవినీ ముప్పై ఏడు మంది కంచాన్నీ ఒకే త్రాసులో ఎవరు పెట్టారన్న ప్రశ్న మాత్రం అక్కడ ఎవరూ అడగలేదు.

సాయిబాబు కొత్త కార్డు తీసుకుని, మూడు పెన్నులతో తానే టిక్కులు పెట్టాడు. రెండు నిమిషాలు పట్టింది.

“సంతకం చెయ్.”

“తర్వాత చేస్త సార్.”

“పద్మమ్మా, రేపొక్కరోజు ఆ పిల్లను ఇంటికాడనే ఉంచుమని తల్లికి చెప్పిరా,” అన్నాడాయన లేస్తూ.

“నేను చెప్తలే సార్,” అంది మానస.

పిల్లలు అన్నాలు తిన్నాక ఆమె రోజా చెయ్యి పట్టుకుని మిల్లుకు వెళ్ళింది. లోపల యంత్రాల హోరు నేలలోంచి కాళ్ళకు ఎక్కుతోంది. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు. భుజం మీద రెండు వేళ్ళు తడితే బస్తాలు అందుకోమని. అరచెయ్యి నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే సేటు వస్తున్నాడని. జమ్లీ దూరం నుంచే కూతుర్ని చూసి అరచెయ్యి నోటి దగ్గర పెట్టింది. తిన్నానన్నట్టు రోజా కడుపు తట్టుకుంది. పరుగెత్తి వెళ్ళి, తవుడు కుప్ప పక్కన కూర్చుని వేలితో గీతలు గీయసాగింది.

మానస జమ్లీ చెవిలో అరిచి విషయం చెప్పింది. జమ్లీ ముఖం గట్టిపడింది.

“నా బిడ్డ చెవిటిదా? చెయ్యి ఊపితె వస్తది, పొమ్మంటె పోతది! మీ బడిల తెలుగు రాదని నవ్వుతరు, అందుకే నోరు తెరుస్తలేదు. ఇంట్లనే ఉంచుకుంట తీ, టీచరమ్మా!”

అంతలో కరెంటు పోయింది.

యంత్రాలు ఒక్కొక్కటిగా ఆగాయి. మిల్లు మొత్తం మీద నిశ్శబ్దం దిగింది. బస్తా మోస్తున్న దస్రు తలెత్తాడు. జల్లెడ పడుతున్న ఆడవాళ్ళు తలెత్తారు. ఇంత శబ్దం పోతే తలెత్తకుండా ఉండగల మనిషి ఉండడు. తవుడు కుప్ప దగ్గర రోజా ఒక్కతే వంచిన తల ఎత్తకుండా గీతలు గీస్తోంది.

జమ్లీ కూతుర్ని చూసింది. చుట్టూ తలలెత్తి నిలబడ్డ మనుషులను చూసింది. నెమ్మదిగా నాలుగడుగులు వేసి కూతురి వెనక నిలబడింది.

“రోజా.”

మళ్ళీ పిలిచింది. తన భాషలో పిలిచింది. మూడోసారి ఆ పిలుపు అరుపయింది. దస్రు బస్తా దించేశాడు. రోజా గీసిన గీత పక్కన ఇంకో గీత గీసింది.

“ఈ మోతల ఎన్నడన్న పిలిస్తె గద తెలిసేది,” అంది జమ్లీ, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత మానస వైపు తిరిగింది. “నువ్వు బడిల పిలిచినవు గద! నీకేమైంది?”

మానస ఒక అడుగు జమ్లీ దగ్గరికి వేసింది.

“రేపు పిల్లను తోలుకరా,” అంది. “సార్ వద్దన్నడు. అయినా తోలుకరా.”

జనరేటరు అందుకుంది. హోరు తిరిగి మొదలైంది.

మర్నాడు పది గంటలకు మదింపు బృందంలోని పెద్దావిడ దస్త్రం తెరిచేటప్పటికి జమ్లీ గుమ్మంలో ఉంది. పూట కూలి వదులుకుని వచ్చింది. రోజా తలకు నూనె రాసి, జడ వేసి ఉంది. సాయిబాబు ఆ పిల్లను చూశాడు, మానసను చూశాడు. తర్వాత ఏమీ జరగనట్టు, “అందరు గుండ్రంగ కూసోండ్రి పిల్లలూ,” అన్నాడు.

పెద్దావిడ అయిదు కార్డులు తీసింది. మూడోది ఇరవై ఏడో కార్డు.

“దీనిమీద టీచరు సంతకం లేదే?”

“మర్చిపోయినట్టుంది మేడం. పని ఒత్తిడి,” అన్నాడు సాయిబాబు.

“సరే, పిల్లను చూద్దాం.” ఆమె లేచి రోజా వెనక్కి వెళ్ళి నిలబడింది. “రోజా!”

గుండ్రంగా కూర్చున్న ముప్పై ఏడు ముఖాలు ఒక్కసారిగా రోజా వైపు తిరిగాయి. రోజా ఆ ముఖాలను చదివింది. వెనక్కి తిరిగి, పెద్దావిడను చూసి నవ్వి, చెయ్యి ఎత్తింది.

“చాలా చురుకైన పిల్ల,” అందామె. కార్డును, పెన్నును మానస ముందుకు జరిపింది. “సంతకం చెయ్యమ్మా.”

సాయిబాబు ఊపిరి వదిలాడు. మానస పెన్ను ముట్టుకోలేదు.

“నేను చెయ్య మేడం.”

“ఏమన్నారు?”

“ఆ పిల్లకు మీరు పిలిచింది ఇనవడలే. పిల్లలు సూస్తె సూసింది. జులైల నేను గూడ గిట్లనే టిక్కు వెట్టిన.” ఆమె హాజరు పట్టీలోంచి పాత కార్డు తీసి కొత్తదాని మీద పెట్టింది. “అసలు కార్డు ఇది. తప్పు నాది. తీసుకోండ్రి. నమ్మకుంటె ఇంకోసారి పిలువుండ్రి. ఈసారి అందర్ని కండ్లు మూసుకోమందాం.”

“మానసా!” అన్నాడు సాయిబాబు.

పెద్దావిడ ఆయన వైపు చూడలేదు. పిల్లల వైపు చూసి తల ఊపింది. పిల్లలకు ఆ ఆట తెలుసు. ముప్పై ఏడు మంది అరచేతులతో కళ్ళు మూసుకున్నారు.

రోజా చుట్టూ చూసింది. ఈ ఆట ఆమెకూ గుర్తుంది. ఇందులో చూస్తే దెబ్బ పడుతుంది. రెండు చేతులూ కళ్ళ మీద పెట్టుకుని, వేళ్ళ మధ్య సందు లేకుండా గట్టిగా అదుముకుంది.

“రోజా,” అని పిలిచింది పెద్దావిడ. గొంతు పెంచింది. “రోజా.”

గుమ్మంలో జమ్లీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చిన్న వేళ్ళు ఒక్కటీ కదలలేదు.