నల్ల తిప్పకి కాపలా

ఏడాదిన్నర పాటు ఆ తిప్ప మీద నరమానవుడి కాలు పడనివ్వలేదు దొసిందా. మనుషుల దాకా ఎందుకు, కుక్క దిగినా కర్ర పుచ్చుకుని తరిమింది. రిబదేల ఊళ్ళో గుల్లలు తవ్వే ఆడవాళ్ళు నలభై ముగ్గురు. వాళ్ళ సంఘానికి పెద్ద దొసిందా. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి గానీ నోరు మాత్రం ఇసుమంత అరగలేదు.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటుకి నీరు తీసేశాక బయటపడే నల్లబురద మేట ఒకటుంది. అదే నల్ల తిప్ప. ఆ ఊరి అమ్మలూ అమ్మమ్మలూ నడుం వంచింది అక్కడే, పిల్లల్ని పెంచింది ఆ గుల్లల మీదే. తవ్వీ తవ్వీ గుల్ల పలచబడిపోతోందని, పిల్ల గుల్లల్ని చల్లి రెండేళ్ళు తిప్ప మూసేద్దామని అన్నది దొసిందాయే. కుదరదన్నవాళ్ళతో మూడు రోజులు పోట్లాడి ఒప్పించింది. కట్టుబాటు రాయించిందీ ఆవిడే. మూసిన తిప్పలో గుల్లలు తవ్వే పళ్ళ గొర్రు దింపినా, వేరే చోటి గుల్ల తెచ్చి మన తిప్పదని చూపించినా తవ్వుకోడానికి ఇచ్చిన కార్డు పోతుంది. కార్డు పోయిందంటే బతికున్నన్నాళ్ళూ ఆ ఒడ్డున తవ్వడానికి లేదు. చివర్న "ఎవరైనా సరే" అన్న మాట దగ్గరుండి మరీ రాయించింది.

అంతా బాగానే ఉండేది గానీ, ఏటికి ఎగువన చేపల్ని డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పోయిన చలికాలం అక్కడ కొత్త యంత్రాలు పెట్టారు. అప్పట్నించీ దాని మురుగు గొట్టంలోంచి ఏట్లో పడేది నీళ్ళో చీమో ఆ దేవుడికే తెలియాలి. పైన పసుప్పచ్చటి నురగ, ముక్కు పగిలే కంపు. దొసిందా ఊరుకునే రకమా? పదకొండు అర్జీలు పెట్టింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. గొట్టం ముందు నిలబడి ఫ్యాక్టరీ మేనేజరుని వాడి ఏడు తరాలూ వినేట్టు తిట్టింది.

కానీ తిప్పలోకి మాత్రం దిగలేదు, ఎవర్నీ దిగనివ్వలేదు. అడుగేస్తే పిల్ల గుల్ల చితికిపోతుందని ఆవిడ భయం.

ఒబ్దూలియా అని ఎనభై దాటిన ముసలమ్మ ఒకత్తె ఉంది సంఘంలో. ఫిబ్రవరిలో ఒకనాడు ఆటువేళ గొర్రు పట్టుకుని ఒడ్డు మీదకి వచ్చింది.

"ఒసే దొసిందా, ఈ కంపు నురగదొక్కటే కాదే. కిందనించి వస్తోంది. ఒక్కసారి గొర్రు దింపి చూడనీ."

"భలేదానివే! కాటికి కాళ్ళు చాపుకున్నా తవ్వుడు యావ పోలేదన్నమాట. వంక దొరికింది కదాని బుట్ట నింపుకుందామనా?"

"బుట్టేదే నా దగ్గర? కళ్ళు కనిపించట్లేదా నీకు?"

దొసిందా ఇంకో మాట లేకుండా ముసలమ్మ చేతిలో గొర్రు లాక్కుని నీళ్ళలోకి గిరాటేసింది. ఒబ్దూలియా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, తన గొర్రు తనే వెతుక్కుని, తడిసిన లంగాతో ఇంటికి పోయింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఏప్రిల్లో ఎట్టకేలకు అర్జీ కదిలింది. పర్యావరణ శాఖ నుంచి కిరోగా అనే ఆఫీసరు వస్తాడని, తిప్పలోంచి రెండు కిలోల గుల్లలు పరీక్షకి తీసుకెళతాడని కబురొచ్చింది. తవ్వడం మాత్రం సంఘం మనిషే తవ్వాలని రూలు. తీరా ఆ రోజుకే దొసిందాకి పట్నం ఆసుపత్రిలో మోకాలి ఆపరేషను పడింది. వాయిదా వేయించుకుంటే మళ్ళీ ఎనిమిది నెలలు. అందుకని చెల్లెలు ఎరుందినాకి అప్పజెప్పింది. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కనే నడుం వంచి తవ్విన చెల్లెలు.

"రెండు కిలోలంటే రెండే కిలోలు. ఒక్క గుల్ల ఎక్కువ తవ్వావో, చెల్లెలివని కూడా చూడను" అంది మంచం మీంచే.

మే నెల మూడో గురువారం పదకొండింటికి, చేపల వేలం హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు కిరోగా. బయట వాన. రబ్బరు బూట్లతో, తలగుడ్డలతో నలభై ముగ్గురూ వచ్చారు. దొసిందా చేతికర్ర ఆనించుకుని, బల్ల దగ్గర ఆఫీసరు పక్కనే కూర్చుంది. ఎరుందినా మూడో వరసలో కూర్చుని బూట్ల వంక చూసుకుంటోంది.

"శుభవార్త అమ్మలూ!" అన్నాడు కిరోగా. "మీ గుల్లలు నిక్షేపంలా ఉన్నాయి. విషం లేదు, జబ్బు లేదు. ఫ్యాక్టరీ నీటివల్ల హాని లేదని తేలిపోయింది. సంఘం తరఫున పెద్దావిడ ఇక్కడ ఒక సంతకం పెడితే అర్జీ ముగిసిపోతుంది. వాళ్ళు పాపం రెండో గొట్టానికి అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు."

"రెండో గొట్టమా!" ఎవరో వెనకనించి కేక పెట్టారు.

"హాని లేదని తేలాక రెండైతేనేం, నాలుగైతేనేం?" అంటూ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పరీక్ష అయిపోయిన చిప్పలు. "మీరే చూడండి. ఎంత ముద్దొస్తున్నాయో!"

దొసిందా ఒక చిప్ప తీసి వేళ్ళ మధ్య తిప్పింది. తెల్లగా ఉంది. సన్నటి గీతలు. రెండు చిప్పలూ కలిసే మడత దగ్గర కూడా తెలుపే. ఇంకో చిప్ప తీసి చూసింది, అదీ అంతే.

నల్ల తిప్ప గుల్లకి మడత దగ్గర నీలం కలిసిన నలుపుంటుంది, కొత్తగా తగిలిన దెబ్బలాగా. ఎంత కడిగినా పోదు. ఇది ఏటి అవతల ఎదరొడ్డు ఇసకలో దొరికే గుల్ల. ఆ హాల్లో ఏ ఆడదాన్ని చూడమన్నా ఇట్టే చెప్పేస్తుంది. తవ్వింది ఎరుందినా. కట్టుబాటు తను రాయించిందే. నోరు తెరిస్తే చెల్లెలి కార్డు పోతుంది, నోరు మూసుకుంటే తిప్ప పోతుంది. ఎదురుగా కిరోగా పెన్ను మూత తీసి అందిస్తున్నాడు.

ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది. చిప్పని బల్ల మీద కొట్టింది.

"ఇది మా గుల్ల కాదు."

కిరోగా నవ్వాడు. "అదేంటమ్మా, గుల్ల మీద ఊరి పేరు రాసుంటుందా?"

"రాసే ఉంటుంది. నీకు చదవడం రాదు, అంతే."

చిప్పని మొదటి వరసలోకి విసిరింది. చేతులు మారింది. ఒక్కొక్కరే చూడటం, తల అడ్డంగా ఊపడం, పక్కావిడకి ఇవ్వడం. మూడో వరసకి వచ్చేసరికి ఎరుందినా దాన్ని ముట్టుకోనేలేదు.

"లేవే" అంది దొసిందా. "నిన్నే. లే."

ఎరుందినా లేచింది.

"ఎంతకి అమ్ముకున్నావే మా నోటికాడ కూడు? నీ అల్లుడు ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాడుగా. వాడి ఉద్యోగం పోతుందని భయపడ్డావా? అడగాల్సింది కదే, నా మోకాలి చిప్ప తీసిచ్చేదాన్ని! కంచే చేను మేస్తుంటే ఇంక పరాయివాణ్ణి అనుకుని ఏం లాభం? మా అమ్మ కడుపున చెడబుట్టావు!"

ఎరుందినా ముఖం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది.

"అయిపోయిందా? ఇప్పుడు నేను చెప్పనా? నీ తిప్పలోకే దిగానక్కా. రెండు గంటలు తవ్వాను. మొగ వైపు తవ్వాను, ఏటి వైపు తవ్వాను, నడిమధ్యన తవ్వాను. రెండు కిలోలు కాదు, ఒక్కటి, ఒక్కటంటే ఒక్క బతికున్న గుల్ల దొరకలేదు. అన్నీ నోళ్ళు తెరుచుకుని, లోపలంతా బురద. మనం చల్లిన పిల్లలు కూడా. గోరంత గోరంత పిల్లలు."

"అబద్ధం" అంది దొసిందా. కానీ ఆ మాట ఆవిడకే సరిగా వినిపించలేదు.

"ఈ సారు వానని చెప్పి బండి దిగలేదు. అద్దం దించి, 'బతికున్నవి రెండు కిలోలు లేకపోతే ఫారం చెల్లదమ్మా, ఎక్కడో అక్కణ్ణించి పట్రా, ఎక్కడైనా గుల్ల గుల్లే కదా' అన్నాడు. తన బండిలోనే ఎక్కించుకుని వంతెన దాటించాడు. పరీక్షంటే ఏదో కాగితం తతంగం అనుకున్నాను. దాన్ని చూపించి గొట్టానికి అనుమతి ఇస్తారని నాకేం తెలుసు?"

"నేనలా అనలేదు. అంటే... నా ఉద్దేశం అది కాదు" అన్నాడు కిరోగా.

"మరి నాకెందుకు చెప్పలేదే?" దొసిందా గొంతు చీరుకుపోయింది. "నెల రోజులైంది! ఎందుకు చెప్పలేదు?"

"ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే నువ్వడిగిన మొదటి మాటేంటి? 'తిప్పలో ఎవరూ దిగట్లేదు కదా' అని. ఏం చెప్పమంటావు? ఎండనక వాననక ఏడాదిన్నర కాపలా కాశావు కదా, నువ్వు కాసింది శ్మశానానికి అని చెప్పనా?"

ఎరుందినా జేబులోంచి కార్డు తీసి, వరసల మధ్యనించి నడిచి వచ్చి, బల్ల మీద పెట్టింది. దొసిందా దాన్ని తీసుకోనూ లేదు, తిరిగి ఇవ్వనూ లేదు. అంత కోపం పెట్టుకుని కూర్చుంది, ఎవరి మీద విసరాలో తెలియలేదు. ఫ్యాక్టరీ మీదా, ఈ గుడ్డి ఆఫీసరు మీదా, చెల్లెలి మీదా? ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి గొర్రు దింపనిచ్చి ఉంటే ఫిబ్రవరిలోనే తెలిసేది. సగమైనా మిగిలుండేవి. నీళ్ళలోకి గిరాటేసిన గొర్రు కళ్ళ ముందు కదిలింది.

వెనక వరసలోంచి ఒబ్దూలియా లేచింది. ఇప్పుడు నాలుగు దులుపుతుంది, పడాల్సిందే అనుకుంది దొసిందా.

"ఆటు ఎన్నింటికే?" అంది ముసలమ్మ.

"ఒంటిగంటకి" అన్నారు నలుగురైదుగురు.

"అయితే ఇంకా కూర్చున్నారేం?"

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ ఒక్కసారే లేచారు. "అమ్మా, సంతకం?" అన్నాడు కిరోగా.

"ఇక్కడే కూర్చో" అంది దొసిందా కర్ర పుచ్చుకుంటూ. "కదిలావంటే నీ బండి చక్రాలకి గాలుండదు. నమూనా తెస్తాం."

వాన సన్నబడింది. నల్ల తిప్ప బయటపడి, అద్దంలా మెరుస్తోంది. ఒడ్డున అందరూ గొర్రులు పట్టుకుని నిలబడ్డారు గానీ ఒక్కరూ దిగలేదు. అంతలా అలవాటు చేసింది మరి. ఒబ్దూలియా తన గొర్రు తెచ్చి దొసిందా చేతిలో పెట్టింది.

"ముడి వేసింది నువ్వే. నువ్వే విప్పు."

"అత్తా, ఆ రోజు నేను నీ గొర్రు..."

"ఎండబెట్టుకున్నాలే. నడు."

కుట్లు ఆరీ ఆరని మోకాలితో దిగింది దొసిందా. గొర్రు దింపి లాగింది. బతికున్న గుల్లకి పన్ను తగిలితే చేతికి టక్కుమని తెలుస్తుంది. ఇప్పుడు తెలిసింది అది కాదు, ఒట్టి పెంకు చితికిన మెత్తదనం. పైకి తీస్తే పాతిక చిప్పలు, అన్నీ జంటగా తెరుచుకుని, నల్లగా, కుళ్ళు కంపు కొడుతూ. మడత దగ్గర ఆ నీలపు నలుపు మాత్రం అలాగే ఉంది. రెండడుగులు జరిగి మళ్ళీ లాగింది. మళ్ళీ అవే. మూడోసారి పిల్లలొచ్చాయి. తన చేత్తో చల్లినవి. ఆవిడకి ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండునని అనుకుంది.

"దిగండే!" అని అరిచింది. "అందరూ దిగండి! మొత్తం తవ్వండి!"

నలభై ఒక్కరు దిగారు. ఒడ్డున ఎరుందినా ఒక్కతే మిగిలిపోయింది.

"నాకు కార్డు లేదు" అంది.

దొసిందా నడుం ఎత్తి చూసింది. "నీ మీద కోపం చల్లారలేదు నాకు. ఇప్పట్లో చల్లారదు కూడా. దిగవే."

"మరి కట్టుబాటో?"

"కట్టుబాటు గుల్లల కోసం పెట్టాం. ఇక్కడ గుల్లలేవీ?"

ఎరుందినా దిగింది. పక్కపక్కనే వంగి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, నీరు మళ్ళీ ఎక్కేదాకా తవ్వారు.

మూడింటికి తోపుడు బళ్ళ మీద హాలుకి మోసుకొచ్చారు. కిరోగా కాఫీ తాగుతూ అక్కడే ఉన్నాడు. దొసిందా నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. మొదటి బుట్ట ఎత్తి బల్ల మీద కుమ్మరించింది. నల్లనీళ్ళు కాగితాల మీంచి పారి అతని ఒళ్ళో పడ్డాయి. రెండో బుట్ట, మూడో బుట్ట. బల్ల నిండిపోతే నేల మీద, అతని బూట్ల మీద. హాలంతా కంపు.

"రెండు కిలోలు అడిగారుగా. తూకం వేసుకోండి."

కిరోగా ముక్కు మూసుకుని లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ చచ్చినవి చెల్లవు. ఫారంలో స్పష్టంగా ఉంది, బతికున్నవే ఉండాలని."

చచ్చినవి చెల్లవట! ఎరుందినా ముందుకు రాబోతే దొసిందా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బురదలోంచి ఫారం ఏరి, తలగుడ్డతో తుడిచి, కిరోగా జేబులోంచి పెన్ను తనే తీసుకుంది. సంతకం పెట్టే చోట పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: "నల్ల తిప్పలో బతికున్నవి: సున్నా. పరీక్ష చేసింది ఎదరొడ్డు గుల్లలకి. ఏడాదిన్నర దగ్గరుండి కాపలా కాసి కూడా చూసుకోనిది నేను, దొసిందా."

దాని కింద ఎరుందినా సంతకం పెట్టింది. రాయడం రాని ఒబ్దూలియా బురదవేలు నొక్కింది. వరసగా అందరూ పెట్టేదాకా దొసిందా పక్కనే నిలబడి, చివరికి ఆ కాగితాన్ని కిరోగా ముందుకి తోసింది.

"అందిందని ముద్ర వెయ్యి."

"ఇలాంటిది నేను..."

"వెయ్యి."

అతను తలుపు వైపు చూశాడు. అక్కడ ఆడవాళ్ళంతా గొర్రులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒక్కరూ పక్కకి జరగలేదు. కిరోగా కూర్చుని, సంచిలో ముద్ర కోసం వెతుక్కున్నాడు.