పగటి చేప

రంజాన్ వచ్చిందంటే జిద్దా పగలంతా పడుకుని సాయంత్రం లేస్తుంది. అఫ్నాన్ వాళ్లిల్లు ఈ విషయంలో రెండాకులు ఎక్కువే చదివింది. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మందపాటి తెరలు దించేస్తే మళ్లీ సాయంత్రం నమాజుకి పిలిచే అసర్ బాంగుకే కదలిక. హాల్లో ఉన్న ఆమె ఉప్పునీటి అక్వేరియం కూడా ఇంటివాళ్లతోపాటే వేళలు మార్చుకుంది. ఇఫ్తార్‌కి దాని దీపాలు వెలిగేవి, ఉపవాసానికి ముందు సహరీ భోజనం కాగానే ఆరిపోయేవి.

అందులోకి కొత్తగా వచ్చింది ఒక రాస్ చేప. వేలెడు పొడవు, పచ్చటి ఒళ్లు. ముసలి జాలరి సాలిమ్ ఒబ్హుర్ తీరంలో పగడపు దిబ్బల దగ్గర చేతివలతో పట్టి తెచ్చాడు. వదలగానే అది ఇసుకలోకి దూరిపోయింది. బెదిరితే అది చేసే పని అదేనని చెప్పి, తనంతట తాను పైకి వచ్చేదాకా ఇసుకలో చేయి పెట్టనని సాలిమ్ ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు.

ఎనిమిది రోజులైనా చేప జాడ లేదు. నిరుడు రంజాన్‌లోనూ ఇలాగే ఒకటి మాయమైతే, సరిగ్గా ఎనిమిదో రోజున అన్న తలాత్ గరిటతో ఇసుకంతా కెలికి, చచ్చిన చేపను పైకి తీసి, నేనప్పుడే చెప్పానన్నాడు. ఇదీ చస్తే పండగలోపు అక్వేరియం గుమ్మం దాటాలని ఈసారి షరతు పెట్టాడు. అఫ్నాన్ పౌరుషానికి పోయి సరేనంది. ఇఫ్తార్ కాగానే అతను గరిట తెచ్చి అక్వేరియం మూత మీద పెట్టాడు.

"శవానికి కాపలా ఏంటే? రేపు అసర్ కాగానే తోడేస్తా."

"తోడు చూద్దాం. ముందు నన్ను పక్కకి లాగాలి మరి."

అన్నదే గానీ చేప బతికే ఉందని ఆమెకీ నమ్మకం లేదు. ఒక్కటే ఆశ. రోజూ తను లేచేసరికి రాయి పక్కన ఇసుకలో కొత్త గుంట కనిపిస్తోంది. పీత పని అన్నాడు తలాత్. అందులో పీతే లేదు. సాలిమ్ ఈ చేపను పట్టింది బాగా ఎండెక్కాక, అంటే ఇది పగలు తిరిగేది. సముద్రంలో పుట్టినదానికి రంజాన్ ఏం తెలుసు? ఇన్నాళ్లూ ఇది తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

ఫజర్ తర్వాత అందరూ పడుకున్నారు. ఆమె తెరలన్నీ బార్లా తీసి, కుర్చీ వేసుకు కూర్చుంది. నిద్రలేక కళ్లు మండాయి. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఆ తర్వాత రాయి పక్కన ఇసుక కదిలింది. ముందు మూతి, తర్వాత కళ్లు, తర్వాత పచ్చటి ఒళ్లంతా పైకొచ్చింది. ఇల్లు తనదే అన్నట్టు రాళ్ల మధ్య ఏరుకు తింటూ తిరిగింది. అఫ్నాన్‌కి ఏడుపొచ్చింది.

రంజాన్‌లో పొద్దున్నే మనిషిని లేపడం ఆ ఊళ్లో పెద్ద నేరం. ఆమె వెళ్లి అన్న తలుపు బాదింది. అమ్మ లేచి, ఇల్లేమైనా తగలబడుతోందా అని తిట్లు లంకించుకుంది. తలాత్ కళ్లు నులుముకుంటూ వచ్చి ఎండలో నిలబడ్డాడు. చేప అతని ముందునుంచే వెళ్లింది. కాసేపు చూసి, బాగానే ఉందిలే అని గొణిగి వెనక్కి తిరగబోయాడు.

"ఆగన్నయ్యా. నిరుడు నువ్వు తీసినదాని రంగు గుర్తుందా? అదీ ఇంత పచ్చగానే ఉంది. ఎనిమిది రోజుల కింద చచ్చినదైతే ముల్లు తప్ప మిగలదు. దాన్ని చంపింది నీ గరిటే."

ఆమె గరిట తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది వంటింట్లో పెట్టి పడుకో. ఈ హాల్లో తెరలు మాత్రం ఇంక దించను."