మేస్టారి ట్యాబుకు ఒక్కటే లోపం

మా ఆయన నతానియేలు మేస్టారు దేన్నీ ఊరికే మెచ్చుకోరు. ఉద్యోగమంతా పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి కదా, వంకాయ కూరకైనా మార్కులు వెయ్యందే ముద్ద దిగదు. అలాంటి మనిషి చేతిలో మా అమ్మాయి శారోన్ అమలాపురం నుంచి ఒక ట్యాబు తెచ్చి పెట్టింది. వారం రోజులు వాడి చూడమని, నచ్చకపోతే కొట్లో వెనక్కి తీసుకుంటారని చెప్పి వెళ్ళింది.

సరదాకి తెచ్చింది కాదు. ఆయన చూపుకి సరిగ్గా నడిమధ్య మసక కమ్మింది. పక్కనున్నవి కనిపిస్తాయి, చూడాలనుకున్నదే కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు గారు చెప్పేశారు. మా ముక్తేశ్వరం చర్చిలో ఆదివారం పాత నిబంధన పాఠం చదివేది ఆయనే. రిటైరైన రోజు కూడా దిగులు పడని మనిషి, ఈ పాఠం చేజారిపోతుందేమోనని అన్నం సహించక కూర్చునేవారు. ట్యాబు పనికిరాకపోతే పాఠం మా చర్చి కుర్రాడు ప్రవీణ్ కుమార్‌కి అప్పగించమని పాస్టరయ్యగారితో చెప్పేస్తానన్నారు. చాలా అధ్యాయాలు ఆయనకు కంఠతా వచ్చు. కానీ వాక్యం చూసి చదవాలి గాని అప్పజెప్పకూడదని ఆయన పట్టు. ఆ పట్టు మీద నేను నోరెత్తితే ఇల్లు పీకి పందిరి వేస్తారు.

వారమంతా ఆ ట్యాబుకు పరీక్షలే. అక్షరాలు గుమ్మడికాయలంత చేసుకోవచ్చు, అది గొప్ప గుణమన్నారు. కరెంటు పోయినా చదవొచ్చన్నారు. అరుగు మీద ఎండలో పెడితే మాత్రం పాఠానికి బదులు తన మొహమే కనిపిస్తోందని, ఆ మొహం ఇదివరకే చదివేశానని విసుక్కున్నారు. తలకి కొబ్బరినూనె రాసుకున్న వేలితో తోస్తే పేజీ కదలదు, కదిలితే ఏకంగా రెండు దూకుతుంది. కావాలంటే అదే పైకి చదివి వినిపిస్తుందని శారోన్ ఫోనులో చెబితే ఆయన మొహం మాడిపోయింది. అది చదివితే ఇక తానెందుకన్నారు. శనివారం సాయంత్రం పాఠమంతా ఎక్కడా తడబడకుండా చదివి, డెబ్బై మార్కులు వేశారు. ఆయన లెక్కలో డెబ్బై అంటే స్కూలు ఫస్టు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇద్దరమూ ఒక్క సంగతి మరిచిపోయాం. మా చర్చిలో పాఠం చదివేవాళ్ళు అధ్యాయం చెప్పి ఆగాలి. జనం పేజీలు తిప్పుకుని, ఆ రెపరెపలు సద్దుమణిగాకే మొదలుపెట్టాలి. అందరికన్నా ఆఖరున పేజీ దొరికేది ఎలీషా గారికి. ఏళ్ళ తరబడి కొబ్బరికాయలు వలిచి ఆయన వేళ్ళు మొద్దుబారిపోయాయి. దొరకగానే మెల్లిగా "ఆయ్" అంటారు. అది వినపడందే మా ఆయన నోరు తెరవరు. ఇంట్లో వంట గుర్తొచ్చి నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఆదివారం ట్యాబు తెరిచి, పాఠం తీసి నేనే చేతికిచ్చాను. ఆయన ముందుకి వెళ్ళి, అధ్యాయం చెప్పి, అలవాటు ప్రకారం ఆగారు. పేజీలు తిరిగాయి. ఎలీషా గారు ఎంతకీ "ఆయ్" అనలేదు. ఆయన అనేసరికి ట్యాబు నల్లబడిపోయింది.

కాసేపు ముట్టుకోకపోతే అది నిద్రపోతుంది. ఇంట్లో మా ఆయన ఎవరి కోసమూ ఆగే పని లేదు కనుక ఆ సంగతి బయటపడలేదు. వేలితో తట్టారు. లేచింది గాని తాళం నంబరు అడిగింది. ఇంట్లో తాళం తీసేది నేనే. లోపల అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నా, గుమ్మం దగ్గర అంకెలు ఆవగింజలంతే. ఆయన ట్యాబుని ముక్కుకి ఆనించుకుని ఒకటి నొక్కారు, మరొకటి నొక్కారు, అది ఒప్పుకోలేదు. మళ్ళీ నొక్కారు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి ట్యాబు కిందికి దించి ప్రవీణ్ కుమార్ కూర్చున్న వైపు మొహం తిప్పారు. ఇక వదిలేసుకుంటున్నారని నాకు అర్థమైంది.

అప్పుడు ఎలీషా గారు కూర్చున్న చోటినుంచే అన్నారు.

"తొందరేం లేదండీ మేస్టారూ. ఇన్నాళ్ళూ మీరు నాకోసం ఆగేరు. మీకోసం మేం ఆగలేమాండీ?"

ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. చర్చి మొత్తం ఆయన కోసం ఆగింది. నేను ఆడవాళ్ళ వరసలోంచి లేచి, ఎవరేమనుకున్నా సరేనని ఆయన దగ్గరికి నడిచాను. తాళం తీశాను. అది మళ్ళీ నిద్రపోకుండా అంచు మీద వేలితో తడుతూ పక్కనే నిలబడ్డాను. మొదటి వచనంలో ఆయన ఒక మాట దగ్గర తడబడ్డారు. ఆ తర్వాత ఎప్పటిలాగే చదివారు.

సాయంత్రం శారోన్ ఫోను చేసి ఉంచుతారా, వెనక్కి ఇచ్చేస్తారా అని అడిగింది. ఉంచుతామన్నారు. ఎండ సంగతి, నూనె సంగతి, దూకే పేజీల సంగతి అన్నీ ఏకరువు పెట్టారు గాని, నిద్రపోయే సంగతి ఎత్తలేదు. నేనే అందుకుని చెప్పాను. అదెంతసేపు పని, ఈసారి వచ్చినప్పుడు నిద్రపోకుండా చేసేస్తానంది శారోన్.

"వద్దమ్మా, దాన్నలా ఉండనియ్యి" అన్నారాయన.

"అదేంటి నాన్నగారూ? అమ్మ ప్రతివారం వచ్చి నిలబడాలా?"

ఆయన ఫోను దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత చిన్న గొంతుతో అన్నారు.

"కొన్నాళ్ళుగా అక్కడికెళ్ళి నిలబడాలంటే భయమేస్తందమ్మా. ఇయ్యాళ మీ అమ్మ పక్కనుంటే వెయ్యలేదు."

కళ్ళు బాగున్న రోజుల్లో ఈ మనిషి నోట భయమన్న మాట నేను వినలేదు. మరి నా మోకాళ్ళ నొప్పులకెన్ని మార్కులు వేస్తారని కసురుకున్నాను గాని, మరుసటి ఆదివారం ఆయన లేవకముందే నేను లేచి నిలబడ్డాను.