ఎంగిలి నూనె

"షాపు కొంటున్నాయనకి సాయంత్రం తాళాలు ఇచ్చేస్తానని మాటిచ్చానే. ఇక ఆ పార్లర్ మనది కాదు," అంది అక్క, చక్రాల కుర్చీలో కూర్చుని.

చెల్లెలు కుర్చీని ఆసుపత్రి వరండాలోకి తోసింది. ఒకప్పుడు కనుబొమల మీద అక్క దారం ఆడిస్తే రెప్పపాటులో పని అయిపోయేది. ఆ చేతులే ఇప్పుడు గ్లాసు నీళ్లు ఒలకకుండా ఎత్తలేకపోతున్నాయి. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బు, మందు లేదు అని ఎప్పుడో తేల్చేశారు.

లోపల డాక్టరమ్మ పాత రిపోర్టులు తిరగేస్తోంది.

"షాపు మూసేనాటికి నడిచేదానివి. మూశాక ఆర్నెల్లకే కుర్చీలో పడ్డావు. జబ్బు ఉన్నట్టుండి ఇలా పరిగెత్తిందేంటి?"

"దిగులండీ. మీ కనుబొమలు చూస్తే ఇంకా దిగులు. అడవిలా పెంచేశారు!"

డాక్టరమ్మ నవ్వేసింది. అంతలో ఏసీ గాలికి పగిలిన చెల్లెలి పెదవులు అక్క కంటబడ్డాయి. సంచిలోంచి ఆకుపచ్చ క్యాప్సూల్ తీసి కొస పంటితో కొరికింది. సగం నూనె నోట్లోకే పోయింది. మిగిలింది చెల్లెలి పెదవుల మీద పిండింది.

"ఛీ, ఎంగిలి!"

"నోర్మూసుకో. ఊరంతా పూయించుకుంది."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "అదేం క్యాప్సూల్?"

"విటమిన్ ఇ అండీ. ఫేషియల్‌కి వాడతాం."

"రోజూ ఇలాగే కొరికేదానివా?"

"ఓ చేత్తో కస్టమర్ తల పట్టుకోవాలి. కత్తెర వెతుక్కునే తీరికెక్కడిది?"

"నోట్లో పడ్డ నూనె?"

"మింగేదాన్ని. కస్టమర్ ముందు ఉమ్మితే మళ్లీ గడప తొక్కుతుందా?"

"షాపు మూశాక?"

"ఇంకెవరి మొహం కోసం కొరకాలి?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. "విటమిన్ ఇ సరిపడా ఉందని ఈ రిపోర్టు చూసే, దాని లోపమేమోనన్న అనుమానం కొట్టిపారేశాం. ఈ రక్తం తీసింది షాపు నడిచే రోజుల్లో!"

"అంటే?"

"తిన్న విటమిన్ ఇని లివర్‌లో మోసి, రక్తంలోకెక్కించి, మెదడు దాకా సాగనంపే ప్రోటీన్ ఒకటుంది. కూలివాడనుకో. నీ ఒంట్లో వాడు పుట్టుకతోనే పనికిరాడేమో. సరుకు అందక నరాలు పాడవుతాయి. నువ్వు రోజూ గుమ్మరించావు గనుక ఎంతో కొంత చేరింది."

చెల్లెలు ముందుకొచ్చి అడిగింది. "మందు ఉందా?"

"మీ అక్క సంచిలోనే ఉంది! ముందు రక్తం తీయనీ."

అక్క తాళాల గుత్తి గుప్పిట్లో బిగించింది. "రిపోర్టు వచ్చేదాకా ఇవి ఎవరికీ ఇవ్వను."

వచ్చింది. రక్తంలో విటమిన్ ఇ దాదాపు శూన్యం. ఆ కూలివాడు పుట్టుకతోనే పనికిరాడని జన్యు పరీక్షా తేల్చింది. ఆ పూటే అక్క షాపు కొంటానన్నాయనకి ఫోన్ చేసింది. "అన్నా, షాపు ఇవ్వట్లేదు. మాట తప్పానని ఎంతైనా తిట్టుకో, వింటాను!"

పెద్ద మోతాదులో మందు మొదలైంది. ముందు జబ్బు ఆగింది. నెలలు గడిచేకొద్దీ వణుకు తగ్గింది. కుర్చీ పోయి చేతికర్ర వచ్చింది. కర్ర మాత్రం ఉండిపోయింది.

పార్లర్ షట్టర్ మళ్లీ లేచిన రోజు మొదటి కస్టమర్‌గా డాక్టరమ్మే వచ్చి కూర్చుంది. అక్క కర్ర గోడకు ఆనించి, దారం కొస పళ్ల మధ్య బిగించింది.

"ఇదీ ఎంగిలేనా?" అంది డాక్టరమ్మ.

"కదలకండి!"

దారం సర్రున పరిగెత్తింది. ఒక్కసారి కూడా తెగలేదు. అద్దంలో రెండు కనుబొమలూ విల్లుల్లా వంగాయి. చెల్లెలు ఈల వేసింది.