ఎండాకాలం రీడింగు

ఊళ్ళో అందరూ ఆయన్ని పిడుగు మేస్త్రి అంటారు. మనిషిని చూస్తే పిడుగుకీ ఆయనకీ ఏ సంబంధమూ కనిపించదు. సన్నగా, నెమ్మదిగా, తన తుమ్ముకి తనే ఉలిక్కిపడేలా ఉంటాడు. ఎత్తయిన భవనాల మీద కడ్డీ నిలబెట్టి, దాన్నించి రాగి పట్టీని గోడ వెంట కిందికి దించి, భూమిలో పాతిన ఊచకి కలపడం ఆయన పని. పిడుగు పడితే మనుషుల జోలికి పోకుండా ఆ పట్టీ వెంట మట్టిలోకి దిగిపోవాలి. చెప్పడానికి ఇంతే. కానీ మట్టి దాన్ని మింగాలి కదా. తడి మట్టి గుటుక్కున మింగుతుంది. ఎండిన మట్టి మొరాయిస్తుంది. మట్టి మొరాయిస్తే పిడుగు గోడల్లోకీ, కిటికీ ఊచల్లోకీ, వాటి పక్కన కూర్చున్నవాళ్ళలోకీ దారి వెతుక్కుంటుంది.

అందుకే భవనాల నిబంధనల్లో ఆ ఊరివాళ్ళు ఒక షరతు పెట్టుకున్నారు. మట్టి ఎంత మొరాయిస్తోందో ఏటా మీటరు పెట్టి చూడాలి, అంకె పది దాటకూడదు. చూసేది కూడా వానలు పడ్డాక కాదు, నేల నోరెండిపోయి ఉన్న నడి ఎండాకాలంలో. కొలిచే ముందు ఊచ పాతిన గోతిలో నీళ్ళు పోయకూడదు.

ఈ ఆఖరి మాట ఎందుకు రాశారో ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ముందు రోజు రెండు బకెట్లు కుమ్మరిస్తే చచ్చిన గొయ్యి కూడా లేచి కూర్చుని పాసైపోతుంది. అలాంటివాటికి పిడుగు మేస్త్రి పెట్టిన పేరు నీళ్ళ పాసు. ఆ మాట అనేటప్పుడు ఆయన మూతి కాస్త వంకర పోయేది. తోటి మేస్త్రీలు గోతిలో గరాటు గొట్టం అమర్చి, ఎండాకాలమంతా రోజూ నీళ్ళు పోయించండని చెప్పి వెళ్ళేవారు. అది తప్పేమీ కాదు, దొంగతనమూ కాదు. అయినా ఈయనకి నచ్చదు. "గరాటు పెట్టాడంటే వాడి గొయ్యి మీద వాడికే నమ్మకం లేదన్నమాట," అనేవాడు.

బడి గోతికి గరాటు లేదు. అది మూడంతస్తుల బడి. ఒకరి కింద చెయ్యడం మానేసి మేస్త్రి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఆ పని తెచ్చిపెట్టింది ఆయన భార్య. ఆవిడ అక్కడే ఆయా. గదులు తుడిచి, పసిపిల్లల ముక్కులు తుడిచి, మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా అప్పటి హెడ్మాస్టరు చెవిలో ఇల్లు కట్టుకుని, "మా ఆయన చేస్తే వంక పెట్టడానికుండదండీ" అని పోరి, ఆ పని ఇప్పించింది. ఏటా వేసవి సెలవుల్లో మేస్త్రి వెళ్ళి మీటరు పెట్టేవాడు. ఏటా అంకె పదిలోపే. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆవిడ పొయ్యి దగ్గర్నించి తలెత్తి, "రాకేం చేస్తుంది, తవ్విందెవరు మరి" అనేది. ఆ ఒక్క మాటతో ఆయన మళ్ళీ ఏడాది దాకా ఛాతీ విరుచుకు తిరిగేవాడు.

వాళ్ళిద్దరికీ పోట్లాటంటూ ఉంటే ఒకే విషయం మీద. ఆవిడ ఎప్పుడూ ఆలస్యంగా ఇంటికొచ్చేది.

"బడి వదిలి ఎంతసేపయింది? దారిలో ఎవరితో ముచ్చట్లు?"

"పని మిగిలిందండీ."

"అందరు ఆయాలకీ లేని పని నీకొక్కదానికే మిగులుతుందా?"

ఆవిడ కాళ్ళు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయేది. సెలవుల్లో కూడా సాయంత్రమయ్యేసరికి తాళాలు చూసొస్తానంటూ బయల్దేరేది. ఒక్క వాన పడిన రోజు మాత్రం అందరికన్నా ముందే ఇంటికొచ్చేది, నిలువునా తడిసి, నవ్వుకుంటూ. "లోకమంతా వానకి ఆలస్యమైతే నువ్వు ముందొస్తావేమిటే?" అంటే, "ఇవాళ పని తక్కువ" అని జుట్టు పిండుకుంటూ లోపలికి పోయేది.

వయసు మీద పడ్డాక కుడి భుజం లాగేస్తోందనడం మొదలుపెట్టింది. ఒకరోజు మందు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టి, "కాస్త రాద్దురూ, నా చెయ్యి అటు అందడం లేదు" అంది.

"ఆ వాసన చేతులకి పట్టుకుంటే నాకు తిండి సయించదు," అన్నాడు మేస్త్రి. "అయినా నువ్వేమైనా కొండలు మోస్తున్నావా? పట్టేది చీపురేగా."

ఆవిడ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

పోయిన చలికాలం ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. వారం తిరక్కుండానే మేస్త్రి ఇల్లు బోసిపోయింది.

ఈ ఏడు బడికి వెళ్ళాలంటే ఆయనకి కాళ్ళు రాలేదు. కానీ సెలవులు అయిపోవస్తున్నాయి, వానలు దగ్గరపడ్డాయి, కాగితం లేకపోతే భవనాల ఆఫీసు బడి తెరవనివ్వదు. బడి వెనక గోడ పక్కన, గొయ్యి దగ్గర కూర్చుని తీగలు తగిలించి మీటరు మీట నొక్కాడు. అంకె ముప్ఫై దాటి నిలబడింది.

మీటరు పాడైందనుకున్నాడు. బ్యాటరీ మార్చాడు. తీగలు విప్పి, కొసలు గీకి, మళ్ళీ బిగించాడు. అంకె కదల్లేదు. పట్టీ తెగిందేమోనని గోడ వెంట మేడ దాకా చూసొచ్చాడు. అతుకు చూశాడు, ఊచకి తుప్పు పట్టిందేమోనని గొయ్యి మూత తీశాడు. ఊచ శుభ్రంగానే ఉంది. దాని చుట్టూ మట్టి మాత్రం బూడిదలా పొడిపొడిగా ఉంది, గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఎంత ఎండలోనైనా ఆ గొయ్యి చుట్టూ గడ్డి పచ్చగా ఉండేది. తన ఊచకి లోపలి తడి అందిందనడానికి ఆ గడ్డే సాక్ష్యమని కొత్త మేస్త్రీలని పిలిచి మరీ చూపించేవాడు. ఇప్పుడా గడ్డి ఎండి పరకలు పరకలుగా పడి ఉంది.

ఆయన అలా మట్టి వైపు చూస్తూ కూర్చుని ఉండగా, భార్యతో కలిసి పనిచేసిన ఆయా గదులు దులపడం ఆపి వచ్చింది.

"బకెట్టు తేనా అన్నయ్యా?"

"బకెట్టెందుకు?"

"నీళ్ళు పొయ్యడానికి. వదిన పోయాక ఎవరూ పొయ్యట్లేదు కదా, అందుకే ఇలా ఎండిపోయింది."

మేస్త్రికి వెంటనే అర్థం కాలేదు. "ఎవరు పోసేవాళ్ళు?" అన్నాడు.

"వదినే. బడి వదిలాక రోజూ అదిగో, ఆ చివర కుళాయి దగ్గర్నించి మోసుకొచ్చి పోసేది. మొక్కా మోడూ లేని చోట నీళ్ళెందుకు వదినా అంటే, 'ఇక్కడ మీ అన్నయ్యున్నాడే, దాహమేస్తుంది పాపం' అనేది. సరసాలకేం తక్కువ లేదులే అనుకున్నాను." ఆమె ఆయన ముఖం చూసి తగ్గింది. "నీకు తెలుసనుకున్నా అన్నయ్యా."

తెలియదు. కాదు, ఆ గొయ్యి సంగతి తెలుసు, మరిచిపోయాడు. ఈ గొయ్యి తవ్విన సాయంత్రం కింద బండ తగిలింది. ఊచ లోతుకి దిగలేదు, అడుగున తడి అందలేదు. గరాటు పెడితే తోటివాళ్ళు నవ్వుతారు. ఆ రాత్రి భోజనం దగ్గర దిగులుగా కూర్చుని భార్యతో అన్నాడు: "ఏ మహాతల్లో రోజూ బకెట్టెడు నీళ్ళు పోస్తే తప్ప అది ఎండాకాలానికి నిలబడదు. మొదటి పనే నీళ్ళపాలు. నీ మాట కూడా పోయినట్టే." ఆవిడ ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. మరుసటి ఏడు అంకె పదిలోపు వచ్చేసరికి ఆయన బండ సంగతే మర్చిపోయాడు. మట్టి తనంతట తనే సర్దుకుందనుకున్నాడు. మనిషి తనకి కావలసింది ఎంత సులువుగా నమ్ముతాడో చూడండి.

ఆయా తెచ్చి పెట్టిన ఇనప బకెట్టు పట్టుకుని ఆయన కుళాయి దగ్గరికి నడిచాడు. నిండా పట్టాడు. వరండా సగం దాటేసరికి కుడి భుజం పట్టేసింది. మెట్టు మీద దించుదామని వంగాడు. దించబోతూ చూస్తే మెట్టు మీద గుండ్రంగా తుప్పు మరక ఉంది, సిమెంటులోకి ఇంకిపోయి, సరిగ్గా బకెట్టు అడుగంత. ఆవిడ కూడా ఇక్కడే దించేది. మేస్త్రి ఆ మరక పక్కన కూలబడి, చెయ్యి దాని మీద పెట్టి, పసివాడిలా ఏడ్చాడు. ఆయా కొంచెం దూరంలో నిలబడి, ఏం చెయ్యాలో తోచక చీపురు పుల్లలు సరిచేసుకుంది.

కొంతసేపటికి లేచి, బకెట్టు గొయ్యి దాకా మోశాడు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరమ్మ వచ్చింది. మీటరు చూసింది, బకెట్టు చూసింది. లోకం తెలిసిన మనిషి, అన్నీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"పొయ్యండి మేస్త్రి గారూ, ఫర్వాలేదు. ఇప్పుడు తప్పిందంటే బడి తెరవడం ఆగిపోతుంది. పిల్లల తల్లిదండ్రులకి నేనేం చెప్పుకోను? కావాలంటే రేపట్నించి రోజూ ఎవరో ఒకరి చేత పోయిస్తాను."

బకెట్టు ఆయన చేతిలోనే ఉంది. వంచితే చాలు. మర్నాటికి అంకె దిగుతుంది, తన పేరు నిలుస్తుంది, ఆవిడ అన్నేళ్ళు దాచిపెట్టింది దాచినట్టే ఉంటుంది. ఒక్క క్షణం ఆయన చెయ్యి వంగింది కూడా. తర్వాత ఆ నీళ్ళు తీసుకెళ్ళి అవతల గోడవార మొక్కల్లో పోసేశాడు.

"రోజూ పోసే మనిషి దొరకదమ్మా," అన్నాడు. "ఒక పూట మరిచిపోతారు, ఒక పూట ఒళ్ళు బాగుండదు. పిడుగు ఆ పూట చూసుకునే పడొచ్చు. ఇన్నేళ్ళూ ఈ పిల్లల్ని కాసింది నా కడ్డీ కాదు, మా ఆవిడ భుజం. ఆ భుజం ఇప్పుడు లేదు. నేను పాసని రాయలేను. ఈ మాట మాత్రం మీ దగ్గరే ఉంచండి, ఆఫీసులో ఆవిడ పేరు రానివ్వకండి."

హెడ్మాస్టరమ్మ ఆయనకి కూర్చోమని కుర్చీ తెప్పించింది.

భవనాల ఆఫీసు ఇంజనీరు మర్నాడు వచ్చి గొయ్యి చూసి, "మరి ఇన్నేళ్ళూ పది లోపల ఎలా వచ్చింది?" అని అడిగాడు.

"అన్నీ నీళ్ళ పాసులే సార్."

నాకు తెలియకుండా జరిగిందని ఆయన అనలేదు. అలా అంటే, మరి ఎవరికి తెలిసి జరిగిందనే ప్రశ్న వస్తుంది. ఇంజనీరు ఆ మాట కాగితం మీద రాసుకుని, ఇకమీదట ఈ ఊళ్ళో మీ సంతకంతో కాగితాలు చెల్లవన్నాడు. మేస్త్రి తలూపాడు. ఆ వారం అంతా తోటి మేస్త్రీలు టీ కొట్టు దగ్గర ఆయన మాటని ఆయనకే అప్పజెప్పి నవ్వుకున్నారు. వాళ్ళని అనేం లాభం, ఆ మాట నేర్పింది ఆయనే.

బడి తెరవడం ఆలస్యమైంది. బండని తొలిచే యంత్రం తెప్పించి, గేటు పక్కన కొత్త గొయ్యి లోతుగా తవ్వించి, అసలైన తడి తగిలేదాకా ఊచ దింపించాడు మేస్త్రి. ఎండిన నేల మీదే, చుక్క నీరు పోయకుండానే, అంకె నాలుగు చూపించింది. ఇంకో మేస్త్రి సంతకం పెట్టాడు. ఈయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ "వచ్చిందే" అన్నాడు. పొయ్యి దగ్గర ఎవరూ లేరు.

తొలి వాన ఒక మధ్యాహ్నం పడింది. పని లేక మేస్త్రి ఇంట్లోనే ఉన్నాడు. అలమరలోంచి ఆవిడ మందు సీసా తీసి చూస్తున్నాడు. సగం పైగా అలాగే ఉంది. చెయ్యి అందక రాసుకోలేకపోయి ఉంటుంది. మూత తీసి కాస్త అరచేతిలో వేసుకున్నాడు. చేతులకి ఆ వాసన పట్టుకుంది. బయట ఉరిమింది, ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది. బడికేం కాదనుకున్నాడు.

చినుకులు పెద్దవయ్యాయి. బడి వెనక పాత గొయ్యి ఈపాటికి నిండి ఉంటుంది, ఇవాళ ఎవరూ మొయ్యక్కర్లేదు. అప్పుడు తట్టింది ఆయనకి, వాన పడిన రోజు ఆవిడ ఎందుకు నవ్వుకుంటూ వచ్చేదో. ఏడాది పొడుగునా ఆవిడకి దొరికే సెలవులు అవే.

ఆయన లేచి, అలవాటుగా వెళ్ళి తలుపు గడియ తీశాడు. జల్లు లోపలికి కొట్టి గడప తడిసింది, తర్వాత గదంతా తడిసింది. వాన వెలిసేదాకా ఆయన తలుపు వెయ్యలేదు.