రంగు నీడ పడని గది

ఆఖరి స్కాన్ చూశాక పెద్దడాక్టరు మందుల చీటీ పక్కకి జరిపేసి, "ఇంటికి తీసుకెళ్లండి. ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. విశాఖపట్నం నుంచి విజయనగరం వచ్చేదాకా కారులో నీలవేణి ఏమీ అడగలేదు. ఇంటి ముందు దిగాక భర్త భుజం పట్టుకుని నిలబడి, తన కొట్టు బోర్డు వంక ఒకసారి చూసి, "మావా, నాకొక తెల్లగది గావాల" అంది.

గంటస్తంభం దగ్గర బట్టల సందులో ముందు కొట్టు, వెనక ఇల్లు. బోర్డు మీద 'నీలవేణి మేచింగ్ సెంటర్' అని ఉంటుంది. చీర పట్టుకెళితే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాలు ఇచ్చే కొట్టు. ఉల్లిపొర రంగు, ముక్కుపొడుం రంగు, నెమలికంఠం, రాణీ, రామాగ్రీను అలమరల నిండా ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుని ఉంటాయి. ఎవరైనా వచ్చి వంకాయ రంగు కావాలంటే, "ఏ వంకాయమ్మా? సెట్టునున్నదా, నూనెలో మగ్గినదా?" అని నవ్వించేది. గుడ్డ తీశాక మాత్రం నవ్వేది కాదు. చీరనీ గుడ్డనీ పట్టుకుని గుమ్మం దిగి, సందులో ఎండ పడేచోట నిలబడి చూసేది. "కొట్లో సూస్తే అన్నీ అబద్దాలాడతాయి. పక్కదాని నీడ దీని మీద పడతాది" అనేది.

ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే ఆమె భర్త ధనరాజ్‌కి ఆ నీడలేవీ కనిపించేవి కావు. "ఎమ్మెస్సీ సదివినావు గానీ మావా, సిలకపచ్చకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు నీకు" అని ఆమె వేళాకోళమాడేది.

ఆ తెల్లగదిని నీలవేణి ఆసుపత్రిలో ఫోనులో చూసింది. చేతికి సెలైను ఎక్కుతుంటే రెండోచేత్తో స్కాండినేవియన్ అని పేరు రాసిన స్వీడను, డెన్మార్కు ఇళ్ల బొమ్మలు జరుపుకుంటూ కూర్చునేది. తెల్లటి గోడలు, పాలిపోయిన కర్రతో చేసిన కుర్చీ, బూడిదరంగు రగ్గు, పెద్ద కిటికీ. అంతే. అక్కడ చలికాలమంతా సూర్యుడు సరిగా మొహం చూపించడని, అందుకే లోపల పడిన కాస్త వెలుతురూ వృథా పోకుండా గోడలకి తెలుపు వేసుకుంటారని ధనరాజ్ చదివి చెప్పాడు. నీలవేణి ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఈ గదిలో నన్నెవులూ మేచింగు అడగరు" అంది.

ఇంట్లో ఆమె పడుకునే గదికి మూడువైపులా చిలకపచ్చ, నాలుగో గోడకి వంకాయ రంగు. కిటికీకి అడ్డంగా సరుకు మూటలు. ఆ పచ్చ చూడలేక ఆమె మొహం దిండులోకి తిప్పుకునేది.

నీలవేణి తమ్ముడు చినబాబు సాలూరులో లారీ బాడీలకి రంగులేస్తాడు. అక్క ఫోను చేసి స్కాండినేవియన్ తెలుపు కావాలనగానే అతను కంగారుపడ్డాడు.

"స్కానింగులు ఇంక సాలు అన్నారు గదప్పా? మళ్ళీ నేవీవోళ్ళ స్కానింగేటి?"

నీలవేణి నవ్వబోయి దగ్గింది. "స్కానింగు కాదురా, రంగు. గోడకి తెల్లగా ఎయ్యాల."

"తెలుపంటే అడుగుపూత అప్పా. దాని మీద నెమలో తామరపువ్వో దింపితే గదా పని అయినట్టు!"

"అడుగుపూత దగ్గరే ఆపీరా. ఇంకేటీ దింపకు."

చినబాబు వస్తానన్నాడు. అడ్డం పడింది ధనరాజ్ అక్క ఈశ్వరి. రామతీర్థం దగ్గర పల్లెలో ఉంటుంది. తల్లి పోయాక ధనరాజ్‌ని ఎత్తుకు పెంచింది ఆవిడే. సంగతి తెలియగానే ఫోనులో విరుచుకుపడింది.

"మా తమ్ముడు గుండ్రాయిలాగున్నాడు. పుణ్యస్త్రీ పడుకునే గదికి ముండమోపి రంగేటే? ఎవుల పేణం మీదకి తెస్తన్నావు?"

"నాను ముందెల్లిపోతన్నాను గదా వదినా" అంది నీలవేణి. "మీ తమ్ముడికేటీ భయం లేదు."

ఈశ్వరి "ఎల్ల ఏసిన్నాడు నీ గడప తొక్కను" అని ఫోను పెట్టేసింది.

ధనరాజ్ చినబాబుకి ఇప్పుడే రావద్దని చెప్పాడు. అక్క మాట దాటడం అతనికి చేతకాదు. నీలవేణి రెండోసారి అడగలేదు. గంజి కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం అతను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె మొహం మీద తెల్ల తువ్వాలు కప్పి ఉంది. అతని కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

తువ్వాలు కింద నుంచి నీలవేణే మాట్లాడింది. "బతికే ఉన్నాను మావా. దీని కిందన తెల్లగున్నాది."

ధనరాజ్ వసారాలోకి వెళ్లి చినబాబుకి ఫోను చేశాడు.

మర్నాడు ఆమె పొట్టలో నీరు తీయించాల్సి వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి గది తయారు చేస్తానని చినబాబు మాటిచ్చాడు. వాళ్ల ఆటో సందు దాటగానే మూటలు కొట్లోకి చేరవేసి, మంచం బయటికి లాగి గోడకి నిలబెట్టి, పరుపు ఎండలో వేసి, చెవుల్లో పాటలు పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

ఆ వీధుల్లో మనిషి పోయాక చేసే పని సరిగ్గా అదే. మంచం బయట నిలబెడతారు, పరుపు తీసేస్తారు, గదికి వెల్ల వేస్తారు. ఈ సంగతి చినబాబుకి తట్టలేదు. మనసాగక రామతీర్థం నుంచి బస్సెక్కి వచ్చిన ఈశ్వరికి మాత్రం సందు మొదట్లోనే తట్టింది. కొట్టు షట్టరు దించి ఉంది. మంచం నిలబెట్టి ఉంది. తలంతా తెల్లగా చినబాబు బకెట్టుతో బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాడు. తనకి కబురైనా చెయ్యకుండా అంతా అయిపోయిందనుకుంది. సంచీ వదిలేసి సందు మధ్యనే కూలబడి రాగం ఎత్తింది.

ఆటో సందు తిరిగేటప్పటికి ఆ ఏడుపు మంచి ఊపు మీద ఉంది.

"ఓలమ్మ నా నీలమ్మో! నన్నొగ్గీసి ఎల్లిపోనావా తల్లీ! వంకాయ రంగంటే ఏ వంకాయని అడిగీదానివే... నా కూతురి పెళ్లికి పట్టుజాకెట్టు ఇచ్చినావే... ఊరంతా నిన్ను ఆడిపోసుకున్నానే, ఈ నోరు పడిపోనూ! నీ సేతి కూడు తిని బాగున్నాదని ఒక్కనాడైనా అన్లేదే తల్లీ..."

ధనరాజ్ దిగబోతుంటే నీలవేణి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండు మావా. ఇంకో రెండు ముక్కలు ఇననీ."

ఆమె కళ్లు నిండి ఉన్నాయి. కాస్సేపు విని, తల బయటికి పెట్టి పిలిచింది. "వదినా! అది పట్టు కాదు. సగం పట్టే."

ఈశ్వరి లేచి, జుట్టు కూడా ముడేసుకోకుండా ఆటో మీదకి వచ్చిపడింది. "ఓలి దొంగగుంటా! బతికున్నావేటే!" అంటూ మరదలి వీపు మీద ఒకటి వేసింది. ఆ వీపులో ఎముకలు చేతికి తగిలి, కొట్టిన చెయ్యిని అక్కడే ఉంచేసింది. పక్క కొట్టు తవిటమ్మ మంచినీళ్లు తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలియక తనే తాగేసింది.

నీలవేణిని ఈశ్వరే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది. తొక్కనన్న గడపని తొక్కానన్న సంగతి ఆవిడకి తర్వాత గుర్తొచ్చింది. గది నాలుగువైపులా తెల్లగా ఉంది. మూటలు పోయిన కిటికీలోంచి వెలుతురు దారిలో ఎక్కడా ఆగకుండా మంచం వేసే చోటికి వచ్చింది. చినబాబు ఒక్క పువ్వు కూడా దింపలేదు.

ఈశ్వరి గోడల్ని చుట్టూ ఒకసారి చూసింది. "సర్లే. గడపకి మాత్రం పసుపు రాస్తాను. దానికడ్డం సెప్పకు."

నీలవేణి ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. తెల్లగది, బూడిదరంగు రగ్గు, కుర్చీలో పసుప్పచ్చ దిండు ఒకటి. "సూడొదినా, ఆళ్ళూ ఒక్క రంగు పెడతారు."

ఈశ్వరి కళ్లు చికిలించి చూసింది. "ఆళ్ళకీ తెలుసన్నమాట" అంది.

తెల్లగోడలు నొప్పిని ఆపలేదు. కొన్ని పూటలు నీలవేణి కేకలకి సందులో వాళ్లు కొట్లు వదిలి వచ్చి నిలబడేవారు. మందు పనిచేసిన కాసేపు మాత్రం ఆమె పక్కకి తిరిగి, వెలుతురు గోడ మీద పాకడం చూస్తూ పడుకునేది. ఈశ్వరి చోడి అంబలి చెంచాతో పోస్తే గుక్కెడు దిగేది. ఒకరోజు ఈశ్వరి అదే గిన్నెలోంచి తనూ తాగి, "బాగున్నాదే" అంది. "అది నువ్వు కాసిందే వదినా" అంది నీలవేణి. "తెలుసు. నీకు సెప్పాలని సెప్పినాను" అంది ఈశ్వరి.

ఒక మధ్యాహ్నం, ఈశ్వరి గడపకి పసుపు రాస్తుండగా, నీలవేణి పోయింది.

సందులో షామియానా వేశారు. నీలవేణిని దాని కింద పడుకోబెట్టారు. జనం చేరి ఈశ్వరి రాగం కోసం ఎదురుచూశారు. ఆవిడ మరదలి కాళ్ల దగ్గర కూర్చుని పాదాలకి పసుపు రాస్తోంది.

"ఆడపడుచువి, నువ్వే ఏడవకపోతే ఎలగమ్మా?" అని తవిటమ్మ గొణిగింది.

"నా ఏడుపు అది ఇనీసినాది" అంది ఈశ్వరి. "ఇంకెవులు ఇనాలని?"

చినబాబు సాలూరు నుంచి పుట్టింటి చీర తెచ్చాడు. ఎర్రటి నేతచీర. హడావిడిలో కొన్నది, జాకెట్టు గుడ్డ లేదు. ఈశ్వరి దాన్ని విప్పి చూసి ధనరాజ్ చేతిలో పెట్టింది.

"కొట్టు తీసి దీనికి జతగుడ్డ తేరా ధనా. మేచింగు కొట్టు మనిషిని మేచింగు లేకుండా పంపకూడదు."

అతను షట్టరు సగం ఎత్తి లోపలికి దూరాడు. ఎరుపులు ఒక అర నిండా ఉన్నాయి. ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకటే ఎరుపు. చేతికందినన్ని తీసుకుని ఆమెలాగే గుమ్మం దిగాడు. షామియానా నారింజ రంగు నీడ చీర మీదా గుడ్డల మీదా తన చేతుల మీదా పడింది. అన్నీ అబద్ధాలాడుతున్నాయి. ఎవరినైనా అడుగుదామని తలెత్తాడు. చెప్పగలిగిన మనిషి కళ్లు మూసుకుని ఉంది.

అతను వెనక్కి తిరిగి కొట్టులోంచి ఇంట్లోకి వెళ్లి, పసుపు గడప దాటాడు. గడప సగమే పచ్చగా ఉంది. మంచం లేని గదిలో కిటికీ దగ్గర నిలబడి, చీర చెంగు మీద ఒక గుడ్డ పెట్టి చూశాడు. దాని ఎరుపులో నలుపు కలిసి ఉంది. ఇంకొకటి పెట్టాడు. అది కనకాంబరం వైపు పోయింది. అది తన కంటికి తెలిసినందుకు ఒక్కక్షణం ఆగాడు. చుట్టూ ఏ రంగూ లేదు, ఏ నీడా పడటం లేదు. మరొకటి పెట్టాడు. చీర ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో కనిపించలేదు.

వేలితో తడిమి చూశాడు. అంచు వేలికి తగిలింది గానీ కంటికి ఆనలేదు.

"సరిపోయింది" అన్నాడు పైకి. ఆ గుడ్డ మడతపెట్టుకుని బయటికి నడిచాడు.